టైపు సారు తుడవబోయిన గుర్తులు

ఆ పొద్దు చెన్నబసప్ప పుస్తకానికి చీడ పట్టింది.

చీడ అనకుంటే ఇంకేమంటారు? పొద్దున్నే కంప్యూటరు ముందర కూర్చున్నప్పుడు పేజీ కడిగిన పళ్లెంలాగా ఉండింది. అంతలో ఆదోని నుంచి ఫోను మోగింది. ఫోను కోసం తడుముకోవడంలో అరచెయ్యి పోయి మీటల మీద పడింది. మాట్లాడి, ఫోను పెట్టి తలెత్తి చూస్తే ఏముంది! మాటకూ మాటకూ నడుమ చుక్కలు. పేరాల మొదట్లో బాణాలు. ప్రతి లైను చివరా ఒక వింత గుర్తు, ఇంగ్లీషు 'పీ' అక్షరం మొహం అటు తిప్పుకొని రెండు కాళ్ల మీద నిలబడినట్టు. ఒకటా రెండా, పేజీ నిండా అవే.

"శివశివా! ఇదేం పురుగు?" అన్నాడు చెన్నబసప్ప. గదిలో వినేవాళ్లు ఎవరూ లేరు.

ఇది చాలదన్నట్టు ఆ ఫోనులో వచ్చిన కబురు ఇంకొకటి. చేసింది ఆదోనిలో ప్రెస్సు నడిపే పీరా. మర్యాదస్తుడు, మఠానికి కావలసినవాడు. కానీ ఆ పొద్దు ఆయన గొంతులో మొహమాటం ఉండింది.

"సార్, మీ ఫైలు జేబు సైజుకు మార్చి చూసినాం. లైన్లన్నీ విరిగిపోతాండాయి. ఒకటి నిండుగా ఉంటే, దాని కింద ఒకటి మొండిగా. హెడ్డింగులన్నీ ఒక పక్కకు వొరిగినాయి. ఇట్లే అచ్చేస్తే జనం నవ్వుతారు సార్. మీరే సైజు మార్చి చూడండి, మీకే కనపడుతుంది. పొద్దుగూకేలోపల సరిచేసి పంపితే, ఆరాధన నాటికి పుస్తకాలు నేనే మోసుకొచ్చి ఇస్తా. లేదంటే మిషను మీదికి పెండ్లి పత్రికలు ఎక్కిపోతాయి. ఏమనుకోవద్దు సార్."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే గదా.

మఠంలో ఏటేటా జరిగే ఆరాధన ఎల్లుండే. ఆ నాడు మఠం పెద్ద శాంతవీరయ్య స్వామి మౌనం పట్టబోతున్నాడు. ఒక నెలో, ఒక చాతుర్మాసమో కాదు. ఉన్నన్నాళ్లూ ఇంక నోరు తెరవనని చెప్పేసినాడు. చుట్టుపక్కల పల్లెల్లో పత్తి తీసేవాళ్లు, మిరపచేన్లలో కూలికి పోయేవాళ్లు, ఏ కష్టమొచ్చినా గుట్ట మీది మఠానికి ఎక్కివచ్చి ఆయన నోటి నుంచి ఒక మాట తీసుకొని పోయేవాళ్లు. "ఇంక మా గతేంది స్వామీ?" అని ఆడవాళ్లు కొంగు మొహానికి పెట్టుకొని ఏడిస్తే, ఆయన చెప్పింది ఇంతే. "ఇన్నాళ్లూ అన్నవి చిన్న పుస్తకం చేయించి ఇస్తా. మగోళ్ల జేబులో పట్టాల. ఆడోళ్ల రొంటిలో పట్టాల." చెప్పి, ఆ పుస్తకం పని చెన్నబసప్ప చేతిలో పెట్టినాడు.

చెన్నబసప్ప చేతిలో కాక ఇంకెవరి చేతిలో పెడతాడు? ఆయన్ను ఆ చుట్టుపక్కల 'టైపు సారు' అనే పిలుస్తారు. ఆదోనిలో ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ వెలిగినన్నాళ్లూ వెలిగింది. ఆయన దగ్గర లోయరు, హయ్యరు ప్యాసైనవాళ్లు లేని ఆఫీసు ఆ తాలూకాలో లేదు. లైను చివరికి వచ్చినప్పుడు టైపు మిషను 'టింగ్' అని గంట కొడుతుంది. ఆ గంట వినగానే చెయ్యి తనంతట తనే పోయి మీట తోసి కింది లైనుకు రావాల. "గంట చెవిలో పడితే చెయ్యి పోవాల. నడుమ మెదడుకు పనిలేదు" అని బెత్తం పట్టుకొని నేర్పినాడు. కాలం మారి మిషన్లు పాత ఇనుముకు పోయినాక ఆయన మఠం చేరినాడు. స్వామి మాట్లాడుతుంటే పక్కనే కూర్చొని, ఆయన ఆగిన చోట తానూ ఆగి, ఒక్క మాట పొల్లుపోకుండా రాసుకుంటా వచ్చినాడు.

పుస్తకం మాట లేచిన రోజే ఆదోని భక్తుడొకాయన, "మా అమ్మాయి శివలీల కంప్యూటరు చదివింది స్వామీ, వచ్చి చేసిపెడుతుంది" అన్నాడు. చెన్నబసప్ప అందరి ముందరా నవ్వినాడు. "నేను టైపు నేర్పినోళ్ల బిడ్డలొచ్చి నాకు నేర్పాల్నా?" ఆ భక్తుడు తల వంచుకొని పోయినాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకొని ఆ అమ్మాయికి ఫోను చేస్తాడు?

పీరా చెప్పినట్టే సైజు మార్చి చూసినాడు. నిజమే. స్వామి మాటలన్నీ కుంటుతాండాయి. అటు చూస్తే గుర్తులు, ఇటు చూస్తే విరిగిన లైన్లు. రెండూ ఒకే పొద్దు వచ్చినాయంటే ఇంకేముంది, ఈ పురుగులే లైన్లను కొరికినాయి! ఏరిపారేస్తే సరిపోతుందని తీర్మానం చేసేసినాడు.

మొదటి గుర్తు దగ్గర మిణుకుమనే కర్సరు గీత నిలబెట్టి, చెరిపే మీట నొక్కినాడు. గుర్తు పోయింది. పోయేది ఊరికే పోలేదు, కింది లైనును పైకి లాగి పై లైనుకు అంటించిపోయింది. ఎవరో శిష్యుడు "మనసు నిలవడం లేదు స్వామీ" అన్నదీ, స్వామి "నిలబెట్టమని నీకెవరు చెప్పినారు?" అన్నదీ కలిసి ఒకే మాటయినాయి. చదివితే స్వామి తన్ను తానే తిట్టుకున్నట్టుంది. కోపంతో ఇంకోటి నొక్కినాడు, ఇంకోటి నొక్కినాడు. స్వామి పొద్దుటి పూజలో పాడే తత్వం ఒకటుంది.

గూడు విడిచినోనికి గోడ యాడిది
తోడు మరిచినోనికి దోవ యాడిది

ఆ తత్వం కాస్తా మూటగట్టిన పాతబట్టల్లాగా ఒకటే ముద్దయింది. గోడ యాడిదో, తోడు యాడిదో ఎవరికీ తెలియదు.

చెన్నబసప్ప గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కొట్టిందాన్ని వెనక్కి తీసుకునే మీట ఒకటి తెలుసు గనక బతికిపోయినాడు. దాన్ని నొక్కి నొక్కి అంతా ముందున్నట్టే తెచ్చుకున్నాడు. పురుగులూ ముందున్నట్టే వచ్చి కూర్చున్నాయి. పైగా స్వామి పేరు కింద ఎర్రటి వంకర గీత. అది మొదటి నుంచీ ఉండిందో, ఇప్పుడే వచ్చిందో కూడా ఆయనకు గుర్తులేదు.

లేచినాడు. ముంగిలి దాటితే అటువైపు స్వామి గది. పోయి చెప్పేద్దాం అనుకున్నాడు. గడప దాకా పోయినాడు. తలుపు దగ్గరికేసి ఉంది, లోపల స్వామి దగ్గు వినపడింది. 'ఏమని చెప్పాల? నాకు రాదని చెప్పాల్నా?' కాళ్లు వెనక్కి తిరిగినాయి. గదిలోకొచ్చి మళ్లీ తెర చూసినాడు. పురుగులు అట్లే ఉన్నాయి. మళ్లీ బయలుదేరినాడు. మళ్లీ గడప దాకా, మళ్లీ వెనక్కి. గానుగెద్దు తిరిగినట్టు తిరిగినాడు. కింద ఏముందో, మీద ఏముందో చూసుకునే తెలివి అప్పుడు ఆయనకు లేదు.

"అయ్యో అయ్యో అయ్యో!"

ఆ కేక ఈరమ్మది. మఠంలో వంట, వాకిలి అన్నీ ఆమెవే. ఆరాధన ముందురోజు ముంగిలి అలకడం ఆచారం. ఎందుకో స్వామి తెల్లారుతూనే పిలిచి "ఈ పొద్దే అలుకు ఈరమ్మా" అన్నాడు. "రేపు గదా స్వామీ అలికేది?" అంటే "రేపూ అలుకుదువులే" అన్నాడు. పేడ, ఎర్రమన్ను కలిపి, నడుము పట్టుకుపోయేటట్టు అలికి, చేతులు కడుక్కొని వచ్చేసరికి ఇదీ సంగతి. ముంగిలంతా మగోని అడుగులు.

"సారూ! ఇన్ని అక్షరాలు నేర్చినావు, నేల చూసి నడిచేది నేర్చలేదా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నువ్వు కాలు కూడా కడగకుండా గదిలోకి పోయింటావు. ఆ గది ఎవరు కడగాల, మీ ఇన్‌స్టిట్యూట్ పిల్లోళ్లా?"

చెన్నబసప్ప అప్పుడు చూసుకున్నాడు. పాదాలు చీలమండల దాకా ఎర్రగా ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. స్వామి బయటికి వచ్చినాడు. బక్కపల్చటి మనిషి, మెడలో లింగం పెట్టుకునే శివకాయ, భుజం మీద వెలిసిన కాషాయపు తుండు. నేల చూసినాడు. చెన్నబసప్ప పాదాలు చూసినాడు. మొహం మాత్రం చూడలేదు.

"ఈరమ్మా, నువ్వు తుడవాకు. ఆ తడిగుడ్డ బసప్పకియ్యి" అన్నాడు. "బసప్పా, తుడువు."

చెన్నబసప్ప పంచె ఎగగట్టి గొంతుకూర్చున్నాడు. ఒక అడుగు మీద గుడ్డ వేసి సాపు చేసినాడు. తరవాతి దాన్ని అందుకోవాలంటే ముందుకు జరగాల. జరిగినాడు. వెనక్కి చూస్తే సాపు చేసిన చోట ఇంకో అడుగు పడి ఉంది. దాన్ని తుడవడానికి వెనక్కి తిరిగినాడు. ముందర పడింది. పట్టుదల వచ్చి గబగబా తుడిచినాడు. గబగబా పడినాయి. ఈరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది గానీ నవ్వు ఆగలేదు.

"స్వామీ, ఇది అయ్యే పని కాదు" అన్నాడు చెన్నబసప్ప ఆయాసపడుతూ.

"ఏం?"

"తుడిచేకొద్దీ వస్తాండాయి."

"ఎవరివి?"

చెన్నబసప్ప గుడ్డ వంక చూసినాడు. "నావే స్వామీ."

స్వామి గడప మీద కూర్చున్నాడు. "గుడ్డ అవతల పెట్టు. ముందు చదువు."

"చదివేదేముంది స్వామీ? అడుగులు గదా."

"చదువు."

చెన్నబసప్ప నిలబడి చూసినాడు. మొదట ఏమీ కనపడలేదు, అంతా తొక్కుడే. కాసేపు చూస్తే ఒక్కటొక్కటే విడివడి కనపడసాగినాయి. "ఇక్కడ నా గది నుంచి బయటికి వచ్చినా. ఇదిగో, ఇక్కడ అడుగు దూరం పడింది, తొందరగా నడిచినా. ఇక్కడ మడమ లోతుగా దిగింది. అంటే నిలబడినా. ఎందుకు నిలబడినానో..." అంటా నేల చూపులతోనే ముందుకు వచ్చినాడు. గడప దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. అక్కడ అడుగులు ఒకదాని మీద ఒకటి పడి కుప్పగా ఉన్నాయి.

"అక్కడ ఏముంది?" అన్నాడు స్వామి.

"మీ గడప స్వామీ."

"అడుగులు ఎటు చూస్తాండాయి?"

చెన్నబసప్ప వంగి చూసినాడు. ఈరమ్మ కూడా నవ్వు ఆపేసి అటే చూసింది. గడప ముందర నిలబడిన అడుగుల పక్కనే, మొహం అటు తిప్పుకొని వెళ్లిపోయిన అడుగులు అన్నీ.

"వెనక్కి, స్వామీ."

"దేనికి వచ్చినావు?"

అంతే, కట్ట తెగింది. పీరా ఫోను, చుక్కలు, బాణాలు, విరిగిన లైన్లు, ముద్దయిన తత్వం, పొద్దుగూకేలోపల పంపకపోతే మిషనెక్కే పెండ్లి పత్రికలు, అన్నీ చెప్పేసినాడు. "నాకు రావడం లేదు స్వామీ" అన్నాడు. పొద్దుటి నుంచీ నోట్లో ఇరుక్కున్న మాట అది. అనేసినాక చూస్తే అంత బరువేమీ లేదు. చివర ఏడుపు గొంతుతో, "మీ పేరు కింద కూడా ఎర్ర గీత గీసింది స్వామీ! మీ పేరే తప్పంట!" అన్నాడు.

స్వామి పకపకా నవ్వినాడు. "దానికీ నాకూ పరిచయం లేదు గదా. పాపం, అదేం చేస్తుంది?"

"మరి ఆ గుర్తులు, స్వామీ? అవి తుడిచేది ఎట్లా?"

స్వామి లేచి, లోపలికి పోయి, తలుపు దగ్గరికేసుకున్నాడు.

చెన్నబసప్ప ఆ తలుపు వంక చూసినాడు. తరవాత నేల వంక చూసినాడు. మొహం అటు తిప్పుకొని నిలబడిన ఆ రెండు కాళ్లను ఆయన పొద్దున ఇంకెక్కడో చూసినాడు. గదిలోకి పరుగెత్తినాడు.

"మళ్లీ తొక్కుతాండాడే!" అని ఈరమ్మ నెత్తి కొట్టుకుంది.

కంప్యూటరు ముందర కూర్చొని, ముందు ఒక ఖాళీ పేజీ తెరిచినాడు. పేజీ మొదట్లో మొహం తిప్పుకున్న పీ ఒక్కటే ఉంది. ఒక మాట కొట్టినాడు, ఏమీ కాలేదు. ఖాళీ వదిలే పొడుగు మీట నొక్కినాడు. చుక్క పడింది. మళ్లీ నొక్కినాడు, ఇంకో చుక్క. పేరా మొదట్లో ఎడం వదలడానికి తాను వాడే ట్యాబు మీట నొక్కితే బాణం వచ్చింది. చిటికెనవేలు చాచి ఎంటర్ కొట్టినాడు. వెనక్కి తిరిగిన పీ ఇంకొకటి వచ్చి, బుద్ధిమంతుడిలాగా నిలబడింది.

"నువ్వా!" అన్నాడు చెన్నబసప్ప. "నేనే!" అని తనే జవాబు చెప్పుకున్నాడు.

పురుగూ లేదు, పుట్రా లేదు. ఆయన వేలు ఎక్కడ దిగిందో అక్కడ ఒక గుర్తు. ఏమీ లేదనుకొని వదిలిన ఖాళీకి కూడా గుర్తు. ఇన్నాళ్లూ ఉన్నవే, ఈ పొద్దు కనపడినాయి, అంతే.

ఇప్పుడు పుస్తకం తెరిచి చదవసాగినాడు. హెడ్డింగుల ముందర చీమలబారులాగా చుక్కలు. అవును మరి, మిషను మీద హెడ్డింగు నడుమకు రావాలంటే అక్షరాలు లెక్కపెట్టి ఖాళీలు కొట్టాల. అట్లే నేర్పినాడు, ఇక్కడా అట్లే కొట్టినాడు. లైను లైనుకూ చివర వెనక్కి తిరిగిన పీ. దీనికి గంట లేదు గదా! లేకపోతేనేం, ఆయన చెవిలో మోగింది, చెయ్యి పోయింది. నడుమ మెదడుకు పనిలేదని చెప్పింది తనే గదా. చెన్నబసప్పకు సిగ్గూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

ఖాళీ పేజీలో ఒక పొడుగు వాక్యం మొదలుపెట్టినాడు. ఎంటర్ ముట్టుకోగూడదని ఒట్టు పెట్టుకున్నాడు. అంచు దగ్గరికి వచ్చేసరికి చిటికెనవేలు గిజగిజలాడింది. పళ్లు బిగబట్టి ఊరుకున్నాడు. మాట అంచు దాకా పోయి, ఎవరూ తొయ్యకుండానే, కాలువలో నీళ్లు మడిలోకి మళ్లినట్టు కింది లైనుకు దిగింది. పేజీ సైజు మార్చినాడు. అది కూడా తన కొత్త అంచు చూసుకొని మళ్లీ దిగింది. చెన్నబసప్ప చప్పట్లు కొట్టినాడు. ఇన్‌స్టిట్యూట్ పెట్టిన రోజు కూడా ఆయనకు అంత సంతోషం కలగలేదు.

అయితే ఆ పీలన్నీ ఒక్క ఊపున తుడిచేస్తే? వేలు చెరిపే మీట మీదికి పోయింది. అక్కడే ఆగింది. తత్వం ముద్దయింది గుర్తొచ్చింది.

'ముందు చదువు.'

ఒక్కొక్క గుర్తు దగ్గరా ఆగినాడు. కండ్లు మూసుకుంటే స్వామి గొంతు వినపడింది. ఆయన ఏ మాట దగ్గర ఊపిరి తీసుకున్నాడో, ఏ మాట అని శిష్యుని మొహం చూసినాడో, ఎక్కడ తత్వం వరస మార్చినాడో, పక్కన కూర్చొని విన్న మనిషికి గాక ఇంకెవరికి తెలుస్తుంది? స్వామి ఆగిన చోట గుర్తును ముట్టుకోలేదు. తన చెయ్యి ఊరికే పోయిన చోట చెరిపి, మాటకు మాట అంటుకోకుండా పొడుగు మీటతో ఒక చుక్క పెట్టినాడు. హెడ్డింగుల ముందరి చీమలబారు ఊడ్చేసి, వాటిని నడుమకు చేర్చే బొత్తాం వెతికి నొక్కినాడు. "ఇది స్వామిది. ఇది నాది. ఇది నాదే. ఇది స్వామిది" అని గొణుక్కుంటా పోతాంటే, కిటికీలోంచి ఈరమ్మ తొంగిచూసి, సారుకు గాలి సోకిందేమో అనుకొని విభూతి తెచ్చి పెట్టింది. ఆయన నుదురు చాచి పెట్టించుకొని మళ్లీ పనిలో పడినాడు.

మధ్యాహ్నం వాలినాక ఒక చోట చెయ్యి ఆగిపోయింది. ఆ పేజీలో ఉన్నది ఒక్కటే లైను. "గురువంటే ఎవరు స్వామీ?" దాని కింద పేజీ చివరి దాకా మాట లేదు. వెనక్కి తిరిగిన పీలు మాత్రం ఒకదాని కింద ఒకటి నిలబడి ఉన్నాయి. ఆ రోజు ఆ ప్రశ్న అడిగింది చెన్నబసప్పే. స్వామి ఆయన వంక చాలాసేపు చూసి, లేచి, ఆవుకు కుడితి పెట్టడానికి పోయినాడు. ఆ ఖాళీ పోగూడదని పేజీ అంతా ఎంటర్లు కొట్టి వదిలినాడు. ఇప్పుడు చిన్న పేజీలో ఆ పీలు పొంగి, పక్క పేజీ మీద కూడా పడినాయి. వాటిని తీసేస్తే కింది మాటలు వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటాయి. తీయకపోతే అవతలి పేజీ చెడుతుంది. ఏం చెయ్యాలో ఆయనకు నిజంగా తెలియదు.

ఫోను తీసుకున్నాడు. ఈసారి ముంగిలి చుట్టూ తిరగలేదు.

"అమ్మా శివలీలా, నేను గుట్ట మఠం చెన్నబసప్పను. నాకు ఒకటి తెలియదు. చెబుతావా తల్లీ?"

అవతల ఆ అమ్మాయి ఆత్రంగా, "చెప్పండి సార్!" అంది. విని, "కంట్రోల్ పట్టుకొని ఒకే ఒక ఎంటర్ కొట్టండి సార్. మిగతావన్నీ తీసేయండి. తరవాతి మాట కొత్త పేజీలోకి పోతుంది, ఈ ఖాళీ ఖాళీగానే ఉంటుంది" అంది. చెన్నబసప్ప కొట్టినాడు. ఖాళీకి అడ్డంగా ఒక చుక్కల గీత వచ్చి నిలబడింది. కింది మాటలు కదిలి పక్క పేజీకి పోయినాయి.

"తల్లీ, నువ్వు నాకు గురువమ్మా" అన్నాడు.

"అయ్యో, మా నాయన వింటే నన్ను కొడతాడు సార్" అని ఆ అమ్మాయి నవ్వింది.

పొద్దు పడమటికి ఒరిగేసరికి పుస్తకం మొత్తం చదివి ముగించినాడు. పైన బొమ్మల వరసలో అదే వెనక్కి తిరిగిన పీ ఉన్న బొత్తాం కనపడింది. నొక్కినాడు. చుక్కలు, బాణాలు, పీలు అన్నీ మాయం. స్వామి మాటలు మాత్రం తేటగా, నిండుగా, ఆగాల్సిన చోట ఆగి ఉన్నాయి. గుబులు పుట్టి మళ్లీ నొక్కినాడు. అందరూ వచ్చినారు. "ఉన్నారా? ఉండండి ఉండండి" అని నవ్వుకొని, వాటిని మళ్లీ దాచిపెట్టి, ఫైలు పంపినాడు.

పీరా ఫోను రావడానికి ఎంతోసేపు పట్టలేదు. "సార్, ఎవరితో చేయించినారు? ఎట్లా తిప్పినా ఒక్క లైను విరగలేదే! మిషనెక్కిస్తాండా సార్. ఒకటే అనుమానం. నడుమ ఒక పేజీలో ప్రశ్న ఉంది, జవాబు లేదు. మిస్సయిందా?"

"లేదు పీరా" అన్నాడు చెన్నబసప్ప. "అది స్వామి జవాబే. అట్లే ఉండనీ."

ఆరాధన నాడు గుట్ట మీద ఇసకేస్తే రాలని జనం. బండ్లు కట్టుకొని, ఆటోలెక్కి, పిల్లల్ని చంకనేసుకొని వచ్చినారు. పీరా పుస్తకాల కట్టలు తానే నెత్తిన పెట్టుకొని మెట్లెక్కినాడు. కట్ట విప్పగానే చేతులు లేచినాయి. మగోళ్లు జేబులో పెట్టుకొని పైన చెయ్యి వేసి చూసుకున్నారు. ఆడోళ్లు కండ్లకద్దుకొని రొంటిన దోపుకున్నారు. ఒక ముసలాయన తత్వం ఉన్న పేజీ తీసి, ఏ వరస దగ్గర స్వామి ఆగుతాడో ఆ వరస దగ్గరే ఆగుతూ పాడినాడు. చెన్నబసప్పకు కండ్లు నిండినాయి. దాచుకోవాలని కూడా అనుకోలేదు.

స్వామి తన గది గడప మీద కూర్చొని ఉన్నాడు. మౌనం పట్టే ముందర చివరి మాట చెబుతాడని జనమంతా ముంగిలి చుట్టూ చేరి చెవులు రిక్కించుకొని ఉన్నారు. గడప ముందర ఈరమ్మ అప్పుడే మళ్లీ అలికింది, ఎవరూ తొక్కగూడదని గట్టిగా చెప్పి మరీ నిలబడింది.

చెన్నబసప్ప ఒక పుస్తకం చేతిలో పట్టుకొని బయలుదేరినాడు.

"సారూ, తడి! తడి!" అంది ఈరమ్మ.

ఆయన ఆగలేదు. తడి నేల మీద నేరుగా నడిచి, గడప దగ్గర మోకాళ్ల మీద కూర్చొని, పుస్తకం స్వామి చేతిలో పెట్టినాడు. స్వామి పేజీలు తిప్పినాడు. ఖాళీ పేజీ దగ్గర చాలాసేపు ఉన్నాడు. తరవాత దాన్ని గడప పక్కనున్న దీపానికి దగ్గరగా పట్టి, వెతికినట్టు చూసినాడు.

"ఆ గుర్తులు ఏమైనాయి?"

"ఉన్నాయి స్వామీ. కనపడవు."

స్వామి పుస్తకం మూసి, తన తుండు మడతలో పెట్టుకున్నాడు. తలెత్తి, చెన్నబసప్ప వచ్చిన దోవను చూసినాడు. ఎర్రటి తడి నేల మీద, అటు చివరి నుంచి గడప దాకా ఒకే వరస.

"అన్నీ ఇటే చూస్తాండాయి" అన్నాడు.

జనం ఇంకా ఎదురుచూసినారు. ఆ పైన ఆయన మాట్లాడలేదు. చివరి మాట అయిపోయిందని వాళ్లకు తెలియడానికి కాస్త సేపు పట్టింది.

ఈరమ్మ తడిగుడ్డ తీసుకొని తుడవడానికి వంగింది. స్వామి చెయ్యెత్తి వద్దన్నాడు.